వెలి అంటే ఎంత దూరం?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ తాతగారి ఇనుపపెట్టెలో దొరికిన పాత ఒప్పందపు కాగితంలో ‘వెలి తీసి పంక్తిలో కలుపుకొనుటకు పెద్దలు సమ్మతించినారు’ అన్న వాక్యం ఉంది. ఆయనకు తెల్లబట్టలు కట్టించి ఊరి నుంచి పంపేశారని, ‘వెలి’ అంటే తెలుపు కనుకనే ఆ శిక్షకు వెలివేత అని పేరు వచ్చిందని మీ ఇంట్లో చెప్పుకుంటారు. కుటుంబ చరిత్ర రాస్తున్న మీరు ఆ మాటను గ్రామ బహిష్కరణ అని మార్చాలా, దేశబహిష్కరణ అనాలా, అసలు ఆ మాట ఎక్కడిది అని అడిగారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా చిత్తూరు జిల్లా బడుల్లో తెలుగు చెప్పి, విరమణ తరువాత తిరుపతిలో ఉంటూ అడిగినవారికి పాత దస్తావేజులు చదివిపెడుతున్నాను. నా సమాధానం ముందే చెబుతాను. వెలివేతలోని వెలికి, తెలుపుకు సంబంధం లేదు. ఆ మాటను బహిష్కరణగా మార్చకండి. దేశబహిష్కరణ అని అసలే రాయకండి. ఎందుకో చెప్పడానికి కొంత స్థలం పడుతుంది.

తెలుగులో ‘వెలి’ అన్న ఒకే రూపంలో రెండు మాటలు ఉన్నాయి. వెలిదామర, వెలిగొడుగు అన్నప్పుడు వచ్చేది తెలుపు. గోడకు వేసే వెల్ల, వంటింట్లోని వెల్లుల్లి, ముఖం వెలవెలబోవడం ఆ కుటుంబంలోవి. వెలుపల, వెలువడు, వెలువరించు, వెలికితీయు, వెలిబుచ్చు అన్నప్పుడు వచ్చేది బయలు, బయట. తిరుపతి బస్టాండులో పది నిమిషాలు నిలబడితే చాలు, తమిళ యాత్రికులు పిల్లలను ‘వెళియ వా’ అని కేక వేయడం వినపడుతుంది. ఆ ‘వెళి’ మన ‘వెలి’కి తోబుట్టువు. తమిళంలో తెలుపు ‘వెళ్ళై’, బయట ‘వెళి’, వెలుతురు ‘వెళిచ్చం’. ఆరుబయట వెలుతురు ఉంటుంది కనుక ఇవన్నీ మొదట ఒకటేనని కొందరు ఊహిస్తారు. ఊహ అందంగానే ఉంది, కానీ మీ కాగితాన్ని అర్థం చేసుకోవడానికి అది అక్కరకు రాదు. వెలివేయు, వెలివాడ, వెలికితీయు అనే మూడు మాటల్లో వెలి ఉన్నచోట ‘తెల్ల’ అని పెట్టి చూడండి, ఒక్కటీ నిలవదు. ‘బయట’ అని పెట్టి చూడండి, మూడూ నిలుస్తాయి. బ్రౌను దొర 1852లో అచ్చువేయించిన నిఘంటువులో కూడా ఈ మాటకు బయట అన్న అర్థం పక్కనే కులం నుంచి తొలగించడమనే అర్థం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. బయట అనే అర్థంలో ‘వెలి’ని విడిగా వాడటం మన నోట ఎప్పుడో ఆగిపోయింది. ఆ పని అంతా ‘బయట’ ఎత్తుకుంది. వెలి సమాసాల్లో దాక్కుంది, విడిగా మాత్రం ఒక్క శిక్ష పేరుగానే మిగిలింది. అందుకే ఈ తరం వారికి ‘వెలి’ అనగానే బయట అన్న భావం తట్టదు, తట్టనిచోట తెలుపు వంటి కథలు పుడతాయి. ‘వెళ్ళగొట్టు’, ‘వెళ్ళబోయు’, ‘వెళ్ళగక్కు’ అన్నవాటిలోని ‘వెళ్ళ’ కూడా నా లెక్కలో దీనికి దగ్గరి చుట్టమే. వాటిలో అది నడవడాన్ని కాక బయటపడటాన్నే చెబుతోంది. మన వైపు నడకకు ‘పో’ అనే అంటాము కనుక, ఆ తేడా చిత్తూరు వారి చెవికి ఇంకా తొందరగా తెలుస్తుంది.

ఇక ‘వేయు’. తీసివేయు, కొట్టివేయు అన్నప్పుడు అది వెనుక వచ్చే సహాయక్రియ. వెలివేయులో అలా కాదు. తాళం వేయు, ముడి వేయు, శిక్ష వేయు అన్నట్లు అదే అసలు క్రియ. ఒకరు వేయాలి, ఒకరి మీద పడాలి. తీయడానికీ అలాగే ఒకరు కావాలి. మీ కాగితంలోని ‘వెలి తీసి’ అన్న ప్రయోగం తాళం తీయడం, ముడి తీయడం వంటిదే. శిక్ష ముగిసిందని, వేసినవారే దాన్ని ఎత్తివేశారని దానికి అర్థం. వెళ్ళిపోయిన మనిషిని తిరిగి రప్పించారని ఆ మాటల్లో లేదు.

ఇది నిఘంటువు చూసి చెప్పడం లేదు, కళ్ళారా చూసి చెబుతున్నాను. నాకు తొమ్మిది పదేళ్ళప్పుడు చంద్రగిరికి పడమటగా ఉన్న మా ఊళ్ళో ఒక ఇంటిని వెలివేశారు. చెరువు తూము దగ్గర నీళ్ళ వంతు తగాదా వచ్చింది. పెద్దమనుషులు చేసిన పంచాయతీ తనకు సమ్మతం కాదని ఆ ఇంటాయన కోర్టుకు పోయాడు. తగాదాను మించి, ఊరు దాటి పోయాడన్నదే పెద్దల దృష్టిలో తప్పయింది. ఒకనాటి సాయంత్రం దీపాలు పెట్టే వేళ తప్పెట కొట్టించి చాటించారు. ‘ఆ ఇంటికి నిప్పు ఇయ్యగూడదు, నీళ్ళు ఇయ్యగూడదు, పిలుపు లేదు, పేరంటం లేదు, ఇచ్చినోళ్ళకు యాభై రూపాయలు తప్పు’ అన్నది ఆ చాటింపు. ‘తప్పు’ అంటే మా వైపు జరిమానా అని తెలియనివారి కోసం చెబుతున్నాను.

మరునాటి నుంచి ఆ ఇల్లాలు బిందె పట్టుకొని చేదబావి దగ్గరికి వచ్చి, అందరూ తోడుకొని పోయేదాకా వేపచెట్టు కింద నిలబడేది. చివరన తోడుకున్నవారు చేంతాడు చుట్టుకొని పోయేవారు, అది ఊరి చేంతాడు కాబట్టి. ఆమె ఇంటి నుంచి పాత చీర పేని తెచ్చుకున్న తాడు ముడుల దగ్గర గిలకలో ఇరుక్కుంటూ ఉండేది. మంగలి రాక ఇంటాయన గడ్డం రొమ్ము మీదికి దిగింది, చాకలి రాక బట్టలు వాళ్ళే చెరువు మరవ దగ్గర ఉతుక్కున్నారు. అగ్గిపెట్టె ఉన్నా పొదుపుగా వాడి, పొరుగింటి పొయ్యి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకునే కాలమది. మా అవ్వ ప్రతి పొద్దూ ఒక పిడక మీద రెండు నిప్పులు వేసి మధ్యగోడ మీద పెట్టి లోపలికి వచ్చేసేది. మా నాయన భయపడి అడిగితే, ‘నేను గోడ మీద పెట్టినా. ఎవురెత్తుకోనిపోతే నాకేమి?’ అనేది. ఆమె ఆ ఇంటికి ఇవ్వలేదు, కట్టుబాటు మాట దాటలేదు. వెలి అనేది ఎంత సన్నని గీతో, దాని మీద నిప్పు ఎలా నిలబడుతుందో నాకు ఆ గోడ చెప్పినట్లు ఏ వ్యాకరణమూ చెప్పలేదు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. గమనించండి, ఆ ఎనిమిది నెలలూ వాళ్ళు ఊళ్ళోనే, అదే ఇంట్లోనే ఉన్నారు, అదే పొలం దున్నుకున్నారు. చివరకు ఆయన తప్పు కట్టి, కోర్టు కేసు వెనక్కి తీసుకొని, గుడి ముందర పెద్దలకు ఆకులు వేసి భోజనం పెట్టాడు. ఆ రోజు ఆయన గడ్డం గీయించుకొని, తలంటుకొని, మడత విప్పని తెల్లపంచె కట్టుకొని వచ్చి, వాళ్ళ వరుసలో తన ఆకు తానే వేసుకొని కూర్చున్నాడు. పక్కనున్న పెద్దాయన తన ఆకులోని అన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తగానే ‘వెలి తీసినారు’ అన్నారు. మీ కాగితంలోని ‘పంక్తిలో కలుపుకొనుట’ అదే. సంస్కృతంలో అపాంక్తేయుడు అనీ, తెలుగువారి పెద్దమాటల్లో పంక్తిబాహ్యుడు అనీ అంటే విస్తళ్ళ వరుసకు బయట ఉన్నవాడని. అతడు దేశానికి బయట ఉన్నవాడు కాడు.

నిప్పూ నీళ్ళూ ఆపడం మన ఊళ్ళ సొత్తే అనుకోనక్కరలేదు. ఉత్తరాదిలో దీన్నే హుక్కా పానీ బంద్ చేయడం అంటారు. ప్రాచీన రోము న్యాయంలోనూ ఒకరిని వెలివేయడానికి వాడిన సూత్రం ‘నీటినీ నిప్పునూ నిషేధించడం’ అన్నదే. అక్కడ ఆ నిషేధం పడినవాడు నగరం విడిచిపోక తప్పేది కాదు. మన దగ్గర వదిలిపోకుండా బతకనిస్తారు, అదే శిక్ష.

ఈ సన్నని గీతను చూపే మరో మాట వెలివాడ. ఊరికి వెలి అయిన వాడ. ఊరి కేక వినపడేంత దగ్గరలో, ఊరి పనంతా చేస్తూ, ఊరు కాకుండా ఉన్న ఇళ్ళు. ఒక మనిషి చేసిన తప్పుకు వేసిన వెలిని తప్పు కట్టి తీయించుకోవచ్చు. వెలివాడ వారికి వేసిన వెలికి తప్పూ లేదు, తీయడమూ లేదు. పుట్టుకే వెలి. మన చిత్తూరు వైపు పల్లెల్లో పేర్లు మారుతూ వచ్చాయి, ఆది ఆంధ్రవాడ అన్నారు, హరిజనవాడ అన్నారు, అరుంధతివాడ అన్నారు, దళితవాడ అన్నారు. వాడ మాత్రం చాలాచోట్ల అక్కడే ఉంది, మధ్యనున్న కాలువో బాటో అక్కడే ఉంది. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి తొలగించబడిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలోనే గుడారం వేసుకొని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టినవారికి తెలుగు బాగా తెలుసు. విశ్వవిద్యాలయం గేటు దాటకుండానే విశ్వవిద్యాలయానికి బయట ఉన్నామని చెప్పడానికి అంతకన్నా సరైన మాట మన భాషలో లేదు.

‘బహిష్కరణ’ విషయానికి వస్తే, అది సంస్కృతం. ‘బహిస్’ అంటే బయట, ‘కరణ’ అంటే చేయడం. ఇకార ఉకారాల తరువాతి విసర్గ క, ప వంటి అక్షరాల ముందు షకారమవుతుంది కనుక నిష్కారణం, దుష్కరం అన్నట్లే బహిష్కరణ. అకారం తరువాత అలా కాదు కనుక నమస్కారం, తిరస్కారం, పురస్కారం. పత్రికల్లో అప్పుడప్పుడు కనిపించే ‘బహిస్కరణ’ తప్పు. బడిలో ఈ సూత్రం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ రెండు మాటలు పక్కపక్కన రాసేవాడిని, ఆవిష్కరణ, బహిష్కరణ. ‘ఆవిస్’ అంటే అందరి కంటికీ కనపడేలా. పుస్తకావిష్కరణకు, కులబహిష్కరణకు తోక ఒకటే, తల ఒక్కటే వేరు. సంస్కృతానికి ఈ రెండు పనులకు రెండు తలలు కావలసి వచ్చాయి. తెలుగులో ఒక్క ‘వెలి’ రెండూ చేస్తుంది. పుస్తకాన్ని వెలువరిస్తాము, మనిషిని వెలివేస్తాము. ఆలోచించి చూస్తే ఇది వింతేమీ కాదు. మా ఊళ్ళో తప్పెట మోగకపోతే వెలి లేదు. నలుగురికీ వెల్లడి కానిదే ఎవరినీ బయట పెట్టలేరు. ఇంగ్లీషులో వెళ్ళగొట్టడానికి వాడే ‘బానిష్’ అనే మాటలోని ‘బాన్’ కూడా మొదట చాటింపే.

బహిస్ కుటుంబంలో మరో మాట మన ఇళ్ళలో రోజూ వినపడేది ఉంది. ఆడవారి నెలసరిని బహిష్టు అంటాము. అది ‘బహిష్ఠ’, బయట ఉన్నది అని. ‘బయట చేరింది’ అన్నది దానికి అచ్చమైన తెలుగు. మూడు రోజులు వసారాలో చాపా, చెంబూ వేరుగా పెట్టుకొని కూర్చున్న మనిషి ఎక్కడికీ పోలేదు, గడపకు అవతల ఉంది, అంతే. వెలికీ దీనికీ కొలత ఒకటే.

కానీ బహిష్కరణ అనే మాట గత నూట ఇరవై ఏళ్ళలో మరొక దారి పట్టింది. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో బాయ్‌కాట్ అనే ఎస్టేటు మేనేజరుతో కౌలుదార్లు మాట్లాడటం మానేశారు, కూలికి పోవడం మానేశారు, అంగడివారు సరుకు ఇవ్వడం మానేశారు. నిజానికి అది నూటికి నూరుపాళ్ళు మన ఊరి వెలివేతే, పెద్దలు పేదవాడి మీద వేయడానికి బదులు పేదవారు పెద్దవాడి మీద వేశారు. ఆయన పేరే ఆ పనికి పేరయింది. 1905లో బెంగాలు విభజన తరువాత విదేశీ వస్తువులను మానేయమన్న ఉద్యమం తెలుగునాటికి వచ్చినప్పుడు, ఆ ‘బాయ్‌కాట్’కు మనవారు ‘బహిష్కరణ’ అన్నారు. దానితో మాట దిక్కు తిరిగింది. ‘గ్రామస్థులు ఆ కుటుంబాన్ని బహిష్కరించారు’ అంటే కుటుంబం బయట, ఊరు లోపల. ‘గ్రామస్థులు ఎన్నికలను బహిష్కరించారు’ అంటే తామే బయట నిలబడ్డారు. ఇప్పుడు పత్రిక తెరిస్తే పదింట ఎనిమిది బహిష్కరణలు ఈ రెండో రకమే. మీ కుటుంబ చరిత్రలో ‘మా తాతగారు గ్రామ బహిష్కరణకు గురయ్యారు’ అని రాస్తే అర్థమవుతుంది, కానీ నిప్పూ నీళ్ళూ ఆ మాటలోకి రావు. మీ పిల్లలు ఆయనను ఊరి నుంచి తరిమేశారనే అనుకుంటారు.

ఈ మాటను తెలిసి, ఎంచి వాడినవారూ ఉన్నారు. అంబేడ్కర్ 1924లో స్థాపించిన సంస్థ బహిష్కృత హితకారిణీ సభ, 1927లో మొదలుపెట్టిన మరాఠీ పక్షపత్రిక బహిష్కృత భారత్. అక్కడ ‘బహిష్కృత’ అంటే సరిగ్గా మన వెలివాడ వెలి. అన్నట్టు, అలా తొలగించబడినవారు బహిష్కృతులు, బహిష్కరితులు కారు. ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది. 2016లో మహారాష్ట్ర సామాజిక బహిష్కరణ మీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. చట్టంలో బహిష్కరణ అనే ఉండాలి, దానికి వివరణ పక్కనే రాసి ఉంటుంది కనుక ఇబ్బంది లేదు.

సంస్కృతంలో దూరం పంపడానికి వేరే మాటలు ఉన్నాయి, వాటిలో కొన్ని ‘వాసం’ మీద కట్టినవి. రాముణ్ణి అడవికి పంపడాన్ని వాల్మీకి ‘వివాసనం’ అంటాడు, అంటే ఉన్నచోట ఉండనీయకపోవడం. మనం వాడే వనవాసం శిక్ష పేరు కాదు, వెళ్ళినచోట బతికిన బతుకు పేరు. ‘నిర్వాసనం’ కూడా అలాంటిదే. ఇప్పుడు దానికి రాజూ లేడు, శాపమూ లేదు, ప్రాజెక్టుల కింద ఊళ్ళు మునిగినవారు నిర్వాసితులు. సోమశిల నిర్వాసితులు, పోలవరం నిర్వాసితులు అని రోజూ చదువుతున్నాము. అమరకోశం రెండో కాండ క్షత్రియవర్గంలో చంపడానికి ఉన్న పర్యాయపదాల వరుస ఒకటి ఉంది. చిన్నప్పుడు వల్లె వేసినప్పుడు నేను పట్టించుకోలేదు, పాఠం చెప్పే వయసుకు వచ్చాక ఒకనాడు ఉలిక్కిపడ్డాను. ఆ వరుసలో ప్రవాసనం ఉంది, నిర్వాసనం ఉంది. ఉన్నచోటి నుంచి ఊడబెరకడానికీ, ప్రాణం తీయడానికీ అమరసింహుడు ఒకే వరుస ఇచ్చాడు.

అది అలంకారం కోసం అన్నది కాదని మనుస్మృతి పదకొండో అధ్యాయం చూస్తే తెలుస్తుంది. పతితుడైనవాడికి, అతడు బతికి ఉండగానే, బంధువులు తిలోదకాలు వదలాలని అక్కడ ఉంది. ఎక్కడ? ‘బహిః’, ఊరికి బయట. ఎప్పుడు? మంచిది కాని రోజున, సాయంకాలం, జ్ఞాతులూ గురువులూ చూస్తుండగా. అప్పుడు ఒక దాసి నీళ్ళు నిండిన కుండను కాలితో తన్ని పడదోయాలి, ‘ప్రేతవత్’, చచ్చినవాడికి చేసినట్లే. బంధువులు ఒక పగలూ రాత్రీ మైల పట్టాలి. ఆ తరువాత అతనితో మాట లేదు, కలిసి కూర్చోవడం లేదు, ఆస్తిలో భాగం లేదు. దీనినే ఘటస్ఫోటం, అంటే కుండ పగలగొట్టడం, అన్నారు. ప్రాయశ్చిత్తం చేసుకొని వస్తే అందరూ అతనితో కలిసి ఒక చెరువులో స్నానం చేసి, కొత్త కుండ నిండా నీళ్ళు తెచ్చి ఆ నీటిలోకే వదలాలి. పడదోసిన కుండకు బదులు కొత్త కుండ. మా ఊళ్ళో కుండ పగలలేదు, మంత్రమూ లేదు, అయినా వరుస ఒకటే అని మీకు కనిపిస్తూ ఉంటుంది: సాయంత్రపు వేళ, నలుగురి ఎదుట చాటింపు, మాట బంద్, పంక్తి బంద్, చివర తలస్నానం, ఒక వరుసలో భోజనం.

నిజంగా దూరం పంపే శిక్షకు మనవారు పెట్టుకున్న పేరు ద్వీపాంతరవాసం. 1858 నుంచి అండమాను ఖైదీల స్థావరమయింది, సెల్యులార్ జైలు 1906కు పూర్తయింది, 1860 నాటి శిక్షాస్మృతిలో ఈ శిక్ష ఉండేది. 1955 నాటి సవరణ తరువాత దాని స్థానంలో యావజ్జీవ కారాగారం వచ్చింది. పాత తీర్పుల నకళ్ళలో ‘యావజ్జీవ ద్వీపాంతరము’ అని ఉంటే, ఈ కాలపు పిల్లలు మా ముత్తాతను సింహళానికి పంపారా అని అడుగుతుంటారు.

పొలిమేర దాటించడానికి మన ఇరుగుపొరుగు భాషల్లో మాటలు ఇంకా సూటిగా ఉన్నాయి. కన్నడంలో గడిపారు, గడి అంటే సరిహద్దు. మరాఠీలో తడీపార్, గట్టుకు అవతల. తమిళంలో నాడు కడత్తల్, నాడు దాటించడం. కుప్పం, పలమనేరు వైపు వారు ఈ మూడింటిలో రెండైనా వింటూ పెరుగుతారు. అయితే హద్దులు కూడా నిలకడగా ఉండవు. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది, ఇల్లు కదలకుండానే అక్కడివారు రాష్ట్రం దాటారు. మన పోలీసు కాగితాల్లోని నగర బహిష్కరణ, జిల్లా బహిష్కరణ ఈ గడిపారు జాతివే, వెలి జాతివి కావు.

తిరుపతిలో ఉన్నవారికి దూరం పంపడానికి ఉదాహరణ గుడి రూపంలోనే ఎదురుగా ఉంది. చిదంబరంలోని గోవిందరాజస్వామిని చోళరాజు అక్కడి నుంచి తొలగింపజేస్తే, రామానుజులవారు ఇక్కడ ప్రతిష్ఠించారని సంప్రదాయం చెబుతుంది. రామానుజులే చోళుని భయానికి శ్రీరంగం విడిచి మేల్కోటలో ఏళ్ళ తరబడి ఉన్నారంటారు. కృష్ణదేవరాయలు తన సోదరులను చంద్రగిరి కోటలో ఉంచాడని పోర్చుగీసువాడైన న్యూనిజ్ రాశాడు. అచ్యుతరాయలు అక్కడి నుంచే రాజ్యానికి వచ్చాడు. మొదటిది స్థానభ్రంశం, రెండోది ప్రవాసం, మూడోది నిర్బంధం. ఈ మూడింటిలో దేనినీ ఏ తెలుగువాడూ వెలి అనడు. వేసినవాడి కళ్ళెదుట లేనివాడికి వెలి వర్తించదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీ పన్నులకు ఎదురు తిరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు ఖాళీ చేసి రామనగరులో పాకలు వేసుకున్నప్పుడు కూడా అంతే, అది ఊరు విడవడం.

మా ఊరి చాటింపు గుర్తుకు వస్తే నాకు తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపు కూడా గుర్తుకు వస్తుంది. కైకాల ఇంటివారు చాటింపు వేశాక తిరుపతి వారు జాతర ముగిసేదాకా పొలిమేర దాటి రాత్రి ఉండకూడదు, బయటివారు ఊళ్ళో రాత్రి నిలవకూడదు. అదే తప్పెట, అదే సాయంత్రం, అదే పొలిమేర. అక్కడ అది లోపలివారిని లోపలే ఉంచుతుంది, మా ఊళ్ళో లోపలివాణ్ణి లోపల ఉండగానే బయటివాణ్ణి చేసింది.

ఇప్పుడు మీ కాగితానికి వద్దాం. అందులో ‘వెలి తీసి పంక్తిలో కలుపుకొనుటకు’ అని ఉన్నది ఉన్నట్లే మీ పుస్తకంలో ఎక్కించండి. కింద ఒక్క వాక్యంలో, నిప్పు, నీళ్ళు, చాకలి, మంగలి, భోజనపు వరుస ఆపివేసే ఊరి శిక్ష అని అర్థం రాయండి. తెల్లబట్టల కథను కూడా కొట్టిపారేయకండి. అది పంపించిన రోజు గుర్తు కాక, కలుపుకున్న రోజు గుర్తు అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది, మా ఊరాయన మడతపంచె చూసినవాడిని కనుక. తాతగారు ఊరు విడిచిపోయారా లేదా అన్నది తేల్చుకోవడానికి ఆ పెట్టెలోనే మరొకసారి వెతకండి. అలాంటి పెట్టెల్లో దస్తావేజులతో పాటు శిస్తు రసీదులు దారంతో కట్టి ఉంటాయి. ఒప్పందం తేదీకి ముందటి రెండు మూడు ఫసలీలలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరాల్లో, అదే ఊరి పేరుతో, ఆయనే కట్టిన రసీదులు కనిపిస్తే, ఆ ఏళ్ళంతా ఆయన తన ఇంట్లోనే ఉన్నారన్నమాట.